ఈ నాబ్ దేన్ని తిప్పుతోంది?

రాత్రి పదకొండు దాటాక ఫోన్ మోగింది. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించే కుర్రాడు. "అన్నా, కొత్త కంట్రోలర్ కొన్నా. ఎనిమిది స్లైడర్లున్నాయి. చివరిదాన్ని ఫిల్టర్‌కి పెట్టుకున్నా. కిందికి లాగితే ఫిల్టర్ మూసుకుంటోంది, అంతవరకూ బానే ఉంది. కానీ దాంతోపాటు సౌండే పోతోంది. ప్లగిన్ పాడైపోయిందంటావా?"

పాడవలేదు. "ఆ స్లైడర్ ఏ నంబరు పంపిస్తోందో చూసి చెప్పు" అన్నాను. ఎక్కడ చూడాలో చెప్పాక కాసేపు చప్పుడు లేదు. "ఏడు" అన్నాడు.

"ఏడంటే వాల్యూమ్ కదరా."

"నేను ఫిల్టర్‌కి కదన్నా పెట్టింది?"

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. కంప్యూటర్లోని వాయిద్యానికి, అంటే ప్లగిన్‌కి, బయటి నాబ్‌ని కట్టడం పైకి చిటికెలో పని. తెరమీది నాబ్ మీద రైట్ క్లిక్ చెయ్యి, 'మిడి లెర్న్' నొక్కు, చేతికిందున్న నాబ్ తిప్పు. చాలాసార్లు అక్కడితో అయిపోతుంది కూడా. కానప్పుడు మాత్రం ఏం జరుగుతోందో అంతుపట్టదు. ఆ మూడు క్లిక్కుల వెనక ఎవరు ఎవరికి ఏం చెప్పారో మనకి కనిపించదు గదా.

నాబ్ పంపేది

ముందు ఒక భ్రమ వదిలించుకోవాలి. కంట్రోలర్ మీది నాబ్‌కి ఫిల్టరంటే (శబ్దంలోని మెరుపుని కోసేసేది) తెలియదు, వాల్యూమంటే తెలియదు. పక్కన 'కటాఫ్' అని, అంటే ఫిల్టర్ కోత మొదలయ్యే చోటని, అచ్చువేసి ఉన్నా సరే, తెలియదు. తిప్పినప్పుడల్లా మూడంకెలు పంపడమే దాని పని. ఉదాహరణకి 176, 74, 93. మొదటి అంకె 'ఒకటో చానల్లో కంట్రోల్ చేంజ్ వస్తోంది' అని. రెండోది కంట్రోలర్ నంబరు. మూడోది విలువ. కలిపి చదివితే 'ఒకటో చానల్లో 74వ నంబరు ఇప్పుడు 93 దగ్గరుంది'. ఈ కంట్రోల్ చేంజ్‌నే వాడేవాళ్ళంతా సీసీ అంటారు. నాబ్ ఎంత వేగంగా తిప్పితే అన్ని సీసీలు వరసగా వెళ్తుంటాయి. ఆ తీగలో శబ్దం ఉండదు, ఫిల్టర్ అన్న మాటా ఉండదు.

వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఈ భాష పేరే మిడి. అది ఇంత పొదుపుగా ఉండటానికి కారణం దాని వయసు. సీక్వెన్షియల్ సర్క్యూట్స్‌కి చెందిన డేవ్ స్మిత్, రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకెహాషి ముందు నిలబడి కంపెనీలన్నిటినీ ఒక ఒప్పందానికి తెచ్చారు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన నామ్ అనే వాయిద్యాల ప్రదర్శనలో సీక్వెన్షియల్ ప్రాఫెట్-600ని, రోలాండ్ జూపిటర్-6ని ఒక కేబుల్‌తో కలిపి చూపించారు. రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లు ఒకదాని మాట ఇంకొకటి వినడం అప్పటికి వింతే. ఆ కేబుల్ వేగం సెకనుకి 31,250 బిట్లు. మూడంకెల సందేశం ఒకటి దాటడానికి దాదాపు ఒక మిల్లీసెకను. అంత సన్నటి దారిలో అంకెలు చిన్నవిగా ఉండక తప్పదు. పైగా ప్రతి బైట్‌లోనూ మొదటి బిట్టు 'నేను ఆజ్ఞనా, విలువనా' అని చెప్పడానికే ఖర్చయిపోతుంది. మిగిలిన ఏడు బిట్లతో 0 నుంచి 127 దాకా మాత్రమే లెక్కపెట్టగలం. ఇప్పుడు యూఎస్‌బీ తీగలో వేగానికి లోటు లేకపోయినా నాబ్‌లు చాలావరకు అదే 128 మెట్ల మీద నడుస్తున్నాయి.

నంబర్లలో కొన్నిటికి మాత్రం మొదట్నుంచీ పేర్లున్నాయి. 1 మాడ్ వీల్ (కీబోర్డు పక్కనుండే చక్రం), 7 వాల్యూమ్, 10 పాన్ (శబ్దం ఎడమకా, కుడికా), 11 ఎక్స్‌ప్రెషన్, 64 సస్టెయిన్ పెడల్. 74ని శబ్దపు మెరుపుకి, అంటే ఫిల్టర్ కటాఫ్‌కి, 71ని ఆ కోత దగ్గర శబ్దాన్ని ఎత్తిచూపే రెజొనెన్స్‌కి వాడటం ఆనవాయితీ. 0, 32 శబ్దాల గుంపు (బ్యాంకు) మార్చడానికి. 120 నుంచి 127 దాకా అసలు నాబ్‌లకి ఇవ్వకూడదు. 'అన్ని నోట్లూ ఆపు' లాంటి ఆజ్ఞలుండేది అక్కడే. ఎవరికీ కేటాయించకుండా వదిలేసిన ఖాళీ స్థలాలు కూడా ఉన్నాయి, ముఖ్యంగా 20 నుంచి 31, 102 నుంచి 119. సొంతంగా నాబ్‌లు కట్టుకునేవాడు ఇల్లు కట్టుకోవాల్సింది ఆ స్థలాల్లోనే.

మనవాడి కంట్రోలర్‌లో స్లైడర్లకి ఫ్యాక్టరీవాళ్ళు 0 నుంచి 7 దాకా వరసగా నంబర్లిచ్చేశారు. ఇలా వచ్చే కంట్రోలర్లు చాలానే ఉన్నాయి. దాంతో రెండో స్లైడర్ మాడ్ వీలైంది, ఎనిమిదోది వాల్యూమైంది. తను ఫిల్టర్‌కి నేర్పింది ఆ ఏడునే. ప్లగిన్ ఫిల్టర్ మాటా విన్నది, తనకి పుట్టుకతో తెలిసిన వాల్యూమ్ మాటా విన్నది. ఫంక్షన్ హాలు స్విచ్‌బోర్డు చూసే ఉంటారు. స్టేజి లైటు కోసం స్విచ్ వేస్తే భోజనాల హాల్లో ఫ్యాన్లు ఆగుతాయి. స్విచ్ బానే ఉంటుంది, ఫ్యాన్లూ బానే ఉంటాయి. ఒకే స్విచ్‌కి రెండు తీగలు వెళ్తున్నాయంతే.

అర్థం ఎక్కడ చెప్పాం?

అంకెకి అర్థం చెప్పగల చోట్లు మూడున్నాయి. తికమకంతా ఈ మూడింటి మధ్యే.

మొదటిది కంట్రోలర్ లోపల. ఏ నాబ్ ఏ నంబరు, ఏ చానల్ పంపాలో కంపెనీవాళ్ళ ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోవచ్చు. ఇక్కడ మారేది చిరునామా. దేన్ని తిప్పాలన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు.

రెండోది రికార్డింగ్ సాఫ్ట్‌వేర్, అంటే డీఏడబ్ల్యూ. ఏబుల్టన్ లైవ్‌లో కంట్రోల్-ఎం నొక్కితే తెరంతా రంగు మారి మ్యాపింగ్‌కి సిద్ధమవుతుంది. ఎఫ్ఎల్ స్టూడియోలో రైట్ క్లిక్ చేస్తే 'లింక్ టు కంట్రోలర్' కనిపిస్తుంది. లాజిక్‌లో కమాండ్-ఎల్. ఇక్కడ నేర్పితే సీసీ ప్లగిన్ దాకా వెళ్ళదు. డీఏడబ్ల్యూ దాన్ని మధ్యలోనే అందుకుని, 'ఆ ప్లగిన్‌లో ఫలానా పారామీటర్‌ని ఇక్కడికి జరుపు' అని తన సొంత భాషలో చెబుతుంది. పారామీటరంటే కటాఫ్‌లాంటి, మార్చుకోగలిగే ఒక అమరిక.

మూడోది ప్లగిన్. మిడి లెర్న్ ఉండేది ఇక్కడే. సీసీ ట్రాక్ గుండా నోట్లతో కలిసి ప్రయాణించి ప్లగిన్ లోపలికి వెళ్తుంది. అక్కడ ప్లగినే దాన్ని గుర్తుపట్టి పారామీటర్‌కి కలుపుకుంటుంది.

ఈ చివరి రెండిటిలోనూ తెరమీది నాబ్ ఒకేలా తిరుగుతుంది. అందుకే తేడా ఏముందిలే అనిపిస్తుంది. నిజానికి తేడా చాలా ఉంది. ప్లగిన్‌లో నేర్పితే మీ నాబ్ ట్రాక్‌తోపాటు మారుతుంది. ఏ ట్రాక్ ఎంచుకుంటే లేదా రికార్డుకి సిద్ధం చేస్తే సీసీ దానికే పోతుంది. బేస్ ట్రాక్‌లో ఉన్నప్పుడు నాబ్ బేస్ ఫిల్టర్‌ని, లీడ్ ట్రాక్‌కి మారితే లీడ్ ఫిల్టర్‌ని తిప్పుతుంది. డీఏడబ్ల్యూలో నేర్పితే నాబ్ ఆ ఒక్క పారామీటర్‌కే అతుక్కుపోతుంది, మీరు ఏ ట్రాక్‌లో ఉన్నా సరే. పాట మధ్యలో కీబోర్డు మీద ఫ్లూట్ వాయిస్తూనే వెనక ప్యాడ్ ఫిల్టర్ తెరవాలంటే ఇదే కావాలి. ఒక్కో శబ్దం తయారుచేసుకుంటూ కూర్చునేవాడికి మాత్రం ఇదే తలనొప్పి.

ఏబుల్టన్ లైవ్ వాడేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటుంది. అక్కడ మ్యాప్ చేసిన సీసీ ఇక ట్రాక్‌లోకి వెళ్ళదు. లోపం కాదు, అలాగే కట్టారు. మాడ్ వీల్‌ని సరదాగా ఏదో రివర్బ్‌కి మ్యాప్ చేస్తే, ఆ పాటలో వయొలిన్లకి మాడ్ వీల్ పనిచేయడం మానేస్తుంది. వారం తర్వాత తెరిచి చూస్తే కీబోర్డే చెడిపోయిందనిపిస్తుంది. లైవ్ సెట్టింగుల్లో ఇన్‌పుట్ పోర్టు పక్కన 'ట్రాక్', 'రిమోట్' అని రెండు స్విచ్‌లుంటాయి. నోట్లు రావాలంటే మొదటిది, మ్యాపింగ్ జరగాలంటే రెండోది వేసి ఉండాలి. మ్యాపింగ్ అసలు పట్టడం లేదని అడిగేవాళ్ళకి నేను ముందు చూడమనేది ఆ రిమోట్ స్విచ్‌నే.

క్యూబేస్ అనే ఇంకో డీఏడబ్ల్యూలో క్విక్ కంట్రోల్స్ అని ట్రాక్‌కి ఎనిమిది ఉంటాయి. నేర్పేది డీఏడబ్ల్యూలోనే అయినా, ఎంచుకున్న ట్రాక్‌ని బట్టి మారతాయి. నాకు ఈ ఏర్పాటు నచ్చుతుంది.

చేతులారా చేసి చూద్దాం

సర్జ్ ఎక్స్‌టీ అని ఉచితంగా దొరికే సింథసైజర్ ఉంది. కోడ్ కూడా బహిరంగమే. ఎవరైనా దించుకోవచ్చు కాబట్టి దానిమీదే చేద్దాం. ప్లగిన్ తెరవండి, ఫిల్టర్ 1 కటాఫ్ స్లైడర్ మీద రైట్ క్లిక్ చేయండి. మెనూలో 'మిడి లెర్న్' ఉంటుంది. నొక్కాక అది సీసీ కోసం ఎదురుచూస్తుంది. ఇక్కడ తొందరపడొద్దు. ముందు మిగతా నాబ్‌ల మీంచి, మాడ్ వీల్ మీంచి చెయ్యి తీసేయండి, సస్టెయిన్ పెడల్ మీంచి కాలు తీయండి. కావాల్సిన నాబ్‌ని మాత్రమే కదపండి. మళ్ళీ రైట్ క్లిక్ చేస్తే ఏ నంబరు నేర్చుకుందో రాసి ఉంటుంది, దాన్ని చెరిపేసే దారీ పక్కనే ఉంటుంది. మీరు తిప్పింది 21 అయితే అక్కడ 21 అనే ఉండాలి. వేరే అంకె కనిపిస్తే లెర్న్ దొంగని వదిలేసి దారినపోయేవాణ్ణి పట్టుకుందన్నమాట.

ఇలా జరగడం అరుదేం కాదు. కొన్ని ఖరీదైన కంట్రోలర్లు సూక్ష్మత కోసం ఒక్క కదలికకి రెండు సీసీలు పంపుతాయి. 0 నుంచి 31 దాకా ఉన్న ప్రతి నంబరుకీ 32 కలిపితే దాని జోడీ వస్తుంది. మొదటిది పెద్ద అంకె, జోడీది చిల్లర. లెర్న్ గనక ఆ చిల్లరని పట్టుకుందా, నాబ్ కొద్దిగా తిప్పితే చాలు పారామీటర్ 0 నుంచి 127కి పదేపదే పరుగులు పెడుతుంది. దయ్యం పట్టినట్టు ఊగే కటాఫ్ కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే. పాతబడిన నాబ్‌లు ఇంకో రకం. ఎవరూ ముట్టకపోయినా 63, 64, 63 అని గొణుగుతూనే ఉంటాయి, లెర్న్ ఆ గొణుగుడే వింటుంది.

అందుకే ప్లగిన్ తెరవకముందే ఏం వస్తోందో కళ్ళతో చూడటం మంచిది. విండోస్‌లో మిడి-ఆక్స్, మ్యాక్‌లో మిడి మానిటర్, రెండిట్లోనూ నడిచే ప్రోటోకోల్, అన్నీ ఉచితమే. నాబ్ తిప్పితే చానల్, నంబరు, విలువ వరసగా పడతాయి. చూడటం అయ్యాక ఆ కిటికీ మూసేయడం మర్చిపోవద్దు. విండోస్‌లో కొన్ని డ్రైవర్లు ఒక పోర్టుని ఒకసారి ఒక ప్రోగ్రాముకే ఇస్తాయి. మానిటర్ తెరిచి ఉంటే డీఏడబ్ల్యూకి కంట్రోలర్ దొరకదు, అప్పుడు లేని జబ్బుకి వైద్యం మొదలవుతుంది.

వీఎస్టీ3 ప్లగిన్ల సంగతి ఒక మాట. వీఎస్టీ అంటే ప్లగినూ డీఏడబ్ల్యూ మాట్లాడుకునే పద్ధతి. పాత వీఎస్టీ2లో సీసీ నేరుగా ప్లగిన్‌లోకి వెళ్ళేది. వీఎస్టీ3లో అలా కాదు. 'ఈ నంబరు వస్తే నీ ఏ పారామీటర్ కదలాలి?' అని డీఏడబ్ల్యూ ముందు ప్లగిన్‌ని అడుగుతుంది, జవాబుని బట్టి ఆ పారామీటర్‌ని కదుపుతుంది. అందుకని కొన్ని ప్లగిన్లు ప్రతి చానల్‌కీ ప్రతి సీసీకీ ఒక్కో డమ్మీ పారామీటర్ పెట్టుకుని కూర్చుంటాయి. పదహారు చానళ్ళకీ కలిపి అవి రెండు వేలు దాటతాయి. ఆటోమేషన్ (పాటలో విలువలు వాటంతట అవే మారేలా గీసుకునేది) జాబితాలో 'మిడి సీసీ' అంటూ అంతులేని వరస కనిపిస్తే కంగారుపడక్కర్లేదు. ఆ జాగ్రత్త తీసుకోని ప్లగిన్‌లో మాత్రం లెర్న్ ఎంత నొక్కినా ఉలకదు, పలకదు. అప్పుడు డీఏడబ్ల్యూలో నేర్పడమే దారి.

128 మెట్లు చాలతాయా

వాల్యూమ్‌కి చాలతాయి. ఫిల్టర్ దగ్గర ఒక లెక్క వేద్దాం. కటాఫ్ 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వెళ్తుందనుకోండి. అది వెయ్యి రెట్లు, అంటే దాదాపు పది ఆక్టేవ్‌లు (స్థాయిలు), 120 సెమీటోన్లు (స్వరస్థానాలు). మన దగ్గరున్నవి 127 అడుగులు. అంటే నాబ్ ఒక్క అడుగు కదిలితే కటాఫ్ ఇంచుమించు ఒక స్వరస్థానం దూకుతోంది. రెజొనెన్స్ బాగా పెంచి ఉంటే ఫిల్టర్ ఈల వేస్తుంది. నాబ్ నెమ్మదిగా తిప్పితే జారుడు వినిపించాల్సిన చోట హార్మోనియం మెట్లు వినిపిస్తాయి. మంచి ప్లగిన్లు అడుగుకీ అడుగుకీ మధ్య తామే నునుపు చేసుకుంటాయి. చెయ్యని వాటిలో ఆ గరగర స్పష్టంగా తెలుస్తుంది.

మెట్లు పెంచలేం గానీ మేడ ఎత్తు తగ్గించుకోవచ్చు. దాదాపు ప్రతి డీఏడబ్ల్యూ మ్యాపింగ్‌లోనూ కనిష్ఠం, గరిష్ఠం పెట్టుకునే చోటుంటుంది. పాటలో మీకు నిజంగా పనికొచ్చేది 200 నుంచి 3,200 హెర్ట్జ్ మధ్యే అయితే అక్కడికే పరిమితం చేయండి. నాలుగు ఆక్టేవ్‌లే కాబట్టి ఒక్కో అడుగు సెమీటోన్‌లో మూడోవంతు కంటే కొంచెం ఎక్కువకి దిగుతుంది. అదీగాక స్టేజి మీద కంగారులో నాబ్ చివరిదాకా తిప్పేసినా పాట పాడవదు. మ్యాపింగ్‌లో అన్నిటికంటే తక్కువమంది వాడేది, అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది ఈ రెండు గడులే.

ఇదే చోట కనిష్ఠాన్ని, గరిష్ఠాన్ని తారుమారు చేస్తే నాబ్ తిరగబడుతుంది. హామండ్ ఆర్గన్ ప్లగిన్‌కి స్లైడర్లు కట్టేవాళ్ళకి ఇది తప్పదు. అసలు ఆర్గన్ మీద డ్రాబార్ అనే మీటని మనవైపు లాగితే శబ్దం పెరుగుతుంది. మన స్లైడర్ మనవైపు వస్తే సున్నా. తిరగేసుకోకపోతే చేతులు అలవాటైన దారిలో పోతాయి, శబ్దం దాని దారిలో పోతుంది.

కర్ణాటక సంగీతాన్ని కీబోర్డు మీద వాయించేవాళ్ళకి ఇక్కడో ఊరట. పిచ్ బెండ్ సీసీ కాదు, దానికి సొంత సందేశం ఉంది. అందులో ఏడు బిట్లు కాదు, 14. అంటే 16,384 మెట్లు, మధ్యలో 8,192. మామూలుగా ఉండే అటు రెండు, ఇటు రెండు సెమీటోన్ల పరిధిలో ఆ మెట్లు చెవికి అందవు. వీణ తీగని లాగి గమకం పలికించినట్టు పలకాలంటే పిచ్ బెండ్ చక్రాన్నే వాడాలి. పిచ్‌ని ఏదో నాబ్‌కి కట్టి 127 ముక్కల్లో జార్చాలని చూస్తే గాంధారం గిలగిల్లాడుతుంది. 2020 జనవరిలో ప్రకటించిన మిడి 2.0లో కంట్రోలర్ల విలువలకి 32 బిట్లిచ్చారు. కంట్రోలరూ, సిస్టమూ, డీఏడబ్ల్యూ, ప్లగినూ నాలుగూ ఆ భాష మాట్లాడితేనే ఆ లాభం చేతికి అందేది.

దూకే నాబ్, తెలివిలేని బటన్

ప్రీసెట్, అంటే ముందే తయారుచేసి పెట్టిన శబ్దం, మార్చారు. కొత్త శబ్దంలో కటాఫ్ 30 దగ్గరుంది. మీ చేతికింద నాబ్ పాత శబ్దం నాటి 110 దగ్గరే ఉంది. కొంచెం ముట్టుకున్నారు, కటాఫ్ ఒక్కసారిగా 110కి ఎగిరింది. కచేరీలో ఇలా జరిగితే ముందు వరసలో కూర్చున్నవాళ్ళు కూడా తలెత్తి చూస్తారు.

దీనికి సాఫ్ట్‌వేర్ మందు 'టేకోవర్'. లైవ్ సెట్టింగుల్లో దానికి మూడు పద్ధతులున్నాయి. ఏమీ లేకపోతే దూకుతుంది. 'పికప్' పెడితే మీ నాబ్ ఆ 30ని దాటేదాకా పారామీటర్ కదలదు. 'వాల్యూ స్కేలింగ్' పెడితే రెండూ క్రమంగా కలిసే దాకా సర్దుకుంటూ వస్తుంది. స్టేజికి పికప్పే మేలని నా అభిప్రాయం. స్కేలింగ్‌లో నాబ్ ఎంత తిప్పితే ఎంత వస్తుందో చేతికి లెక్క దొరకదు.

హార్డ్‌వేర్ మందు అంతులేకుండా తిరిగే నాబ్, ఎన్‌కోడర్. అది 'నేను 93 దగ్గరున్నా' అనదు, 'ఒకడుగు ముందుకి', 'ఒకడుగు వెనక్కి' అంటుంది. దూకడానికి దానికో స్థానమంటూ ఉండదు. చిక్కల్లా ఆ 'ఒకడుగు' అన్నదాన్ని కంపెనీలు తలో రకంగా పలుకుతాయి. ఒక పద్ధతిలో ముందుకి 1, వెనక్కి 127. ఇంకోదాన్లో ముందుకి 65, వెనక్కి 63. మరోదాన్లో ముందుకి 1, వెనక్కి 65. వినేవాడు వేరే పద్ధతిలో ఉంటే రోగలక్షణాన్ని బట్టే తప్పు పట్టేయొచ్చు. తిప్పగానే పారామీటర్ అటు చివరకో ఇటు చివరకో కొట్టుకుంటోందా, 1, 127లని స్థానాలుగా చదువుతోంది. ఎంత తిప్పినా మధ్యలోనే వణుకుతోందా, 63, 65లని స్థానాలుగా చదువుతోంది. రెండు చోట్లా ఒకే పద్ధతి పెడితే తగువు తీరుతుంది.

బటన్లదీ ఇదే కథ, ఇంకొంచెం పొట్టిది. నొక్కితే 127, వదిలితే 0 పంపే బటన్ ఒక రకం. ఒక నొక్కుకి 127, మరో నొక్కుకి 0 పంపేది ఇంకో రకం. ప్లగినో డీఏడబ్ల్యూనో కూడా సొంతంగా 'ప్రతి 127కీ మారుస్తా' అని కూర్చుంటే, రెండో రకం బటన్‌ని ప్రతిదానికీ రెండుసార్లు నొక్కాల్సి వస్తుంది. గుర్తుంచుకునే పని ఇద్దరు చేస్తున్నారు. ఒకరిని మాన్పించాలి, నేనైతే కంట్రోలర్‌ని మాన్పిస్తాను.

ప్రీసెట్ మారితే ఏమవుతుంది

నేర్పిన సంగతి ఎక్కడ దాక్కుంటుందన్నది ప్లగిన్‌ని బట్టి ఉంటుంది. ఏబుల్టన్ లైవ్ మ్యాపింగ్‌లు ఆ సెట్‌తోపాటే (అంటే ఆ పాట ఫైలుతోపాటే) భద్రమవుతాయి, కొత్త సెట్ తెరిస్తే ఉండవు. సర్జ్‌లో మ్యాపింగ్‌ని పేరుపెట్టి దాచుకోవచ్చు, ఎప్పుడు తెరిచినా అదే వచ్చేలా డిఫాల్ట్‌గా కూడా పెట్టుకోవచ్చు. కాంటాక్ట్ అనే ప్లగిన్‌లో అది లోడ్ చేసిన వాయిద్యంతో కలిసి ప్రాజెక్టులో నిలుస్తుంది. గంటసేపు కూర్చుని నేర్పాక, ప్లగిన్ మూసి మళ్ళీ తెరిచి చూడటం ఒక్క నిమిషం పని. చేయనివాళ్ళే ఎక్కువ.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. మీరు నాబ్‌ని ఫిల్టర్ 1 కటాఫ్‌కి నేర్పారు. తర్వాతి ప్రీసెట్ తయారుచేసినవాడు ఫిల్టర్ 1 వాడలేదనుకోండి, మీ నాబ్ ఉత్తి చక్రం. వేల ప్రీసెట్లున్న సింథసైజర్లో పారామీటర్లకి నేరుగా నేర్పుకుంటూ పోవడం గోడకి చెప్పుకున్నట్టే.

అందుకే మ్యాక్రోలు. సర్జ్‌లో ఎనిమిది, వైటల్ అనే ఇంకో సింథసైజర్లో నాలుగు ఉంటాయి. ప్రీసెట్ తయారుచేసినవాడే 'ఈ శబ్దంలో మొదటి మ్యాక్రో తిప్పితే మెరుపు, రెండోది తిప్పితే కదలిక' అని లోపల తీగలు లాగి పెడతాడు. మన నాబ్‌ని మ్యాక్రోకి ఒక్కసారి కడితే చాలు. ప్రీసెట్ మారినా నాబ్‌కి ఏదో ఒక పని ఉంటుంది, అదీ ఆ శబ్దానికి తగిన పని. సర్జ్‌వాళ్ళు ఇంకాస్త ముందుకెళ్ళి ఎనిమిది మ్యాక్రోలకీ సీసీ 41 నుంచి 48 దాకా ముందే ఇచ్చేశారు. మీ కంట్రోలర్‌లో ఎనిమిది నాబ్‌లకి ఆ నంబర్లు పెడితే లెర్న్ అన్న మాటే రాదు. నా వరకు నేను సింథసైజర్లన్నిటికీ మ్యాక్రోలే వాడతాను. ఒక్క పాటకి, ఒక్క శబ్దానికి ప్రత్యేకంగా ఏదైనా కావాలంటేనే నేరుగా పారామీటర్‌కి కడతాను.

వయొలిన్లు, చెల్లోలు ఉండే ఆర్కెస్ట్రా లైబ్రరీల్లో పద్ధతి వేరు. అక్కడ చాలావాటిలో సీసీ1 తిప్పితే శబ్దం పెరగడం మాత్రమే కాదు, మెల్లగా వాయించిన రికార్డింగు నుంచి గట్టిగా వాయించిన రికార్డింగుకి శబ్దమే మారుతుంది. సీసీ11 పరిమాణాన్ని మాత్రమే పెంచి తగ్గిస్తుంది. కుడిచేత్తో మీటలు, ఎడమచేతి రెండు వేళ్ళకింద ఈ రెండు స్లైడర్లు. సినిమా నేపథ్య సంగీతం ప్రోగ్రాం చేసేవాళ్ళ చేతులు గమనిస్తే ఈ భంగిమే కనిపిస్తుంది. ఇక్కడ సొంత నంబర్లు పెట్టుకోవద్దు, లైబ్రరీ ఏ నంబర్లు కోరుకుంటే అవే పంపండి.

రికార్డయ్యేది ఏది

ప్లగిన్‌లో నేర్పిన నాబ్ తిప్పుతూ రికార్డు చేస్తే సీసీ నోట్లతోపాటు క్లిప్‌లో (రికార్డయిన ముక్కలో) పడుతుంది. క్లిప్‌ని రెండో చరణానికి కాపీ చేస్తే కదలికలూ వెంటవస్తాయి. వేరే వాయిద్యానికి మారిస్తే అదే సీసీ అక్కడ ఇంకేదో అర్థంతో పలుకుతుంది. డీఏడబ్ల్యూలో నేర్పినదాన్ని రికార్డు చేస్తే ఆటోమేషన్ గీతగా పడుతుంది, అది ఆ పారామీటర్‌కి కట్టుబడి ఉంటుంది. వాయించే మనిషి శ్వాసలాంటివి, అంటే ఉబ్బు, తగ్గు, వణుకు, సీసీగా ఉంటేనే నాకిష్టం. పాట నిర్మాణానికి సంబంధించినవి, పల్లవికి ముందు ఫిల్టర్ తెరుచుకోవడం లాంటివి, ఆటోమేషన్‌లో ఉంటే తర్వాత దిద్దుకోవడం తేలిక. ఒకే పారామీటర్‌కి రెండూ పెట్టారంటే రెండూ కొట్టుకుంటాయి, మీరు ఏ గీత దిద్దినా మార్పు నిలవదు.

ఇంకో సంగతి, కుర్రాడి కేసులో ఇదే చివర్లో అడ్డం తిరిగింది. సీసీ వచ్చిన విలువ దగ్గర ప్లగిన్ ఆగిపోతుంది, మళ్ళీ ఎవరైనా చెప్పేదాకా అక్కడే ఉంటుంది. అతను స్లైడర్‌ని కిందిదాకా లాగి రికార్డు ఆపాడు. సీసీ7 సున్నా దగ్గర నిలిచిపోయింది. నంబర్లు మార్చుకున్నాక కూడా పాత పాటలో ఆ ట్రాక్ మూగగానే ఉంది. 'అన్ని కంట్రోలర్లూ రీసెట్' అనే సీసీ121 పంపి చూశాడట. దానివల్ల ఎక్స్‌ప్రెషన్ యథాస్థానానికి వస్తుంది గానీ, ఆ ఆజ్ఞ నియమాల ప్రకారం వాల్యూమ్‌ని, పాన్‌ని ముట్టుకోకూడదు. క్లిప్ తెరిచి, సీసీ7 గీతని చెరిపి, ప్లగిన్‌లో వాల్యూమ్ చేత్తో పైకి తెస్తే గొంతు లేచింది.

అసలు రోగానికి మందు రెండు చోట్ల ఉంది. ప్లగిన్ సీసీ7ని వాల్యూమ్‌గా వినకుండా చేయొచ్చు. కాంటాక్ట్‌లో వాయిద్యం ఆప్షన్లలో అలాంటి టిక్కు ఒకటుంది. కానీ ప్రతి వాయిద్యానికీ ఆ పని చేస్తూ కూర్చోవాలి. కంట్రోలర్ ఎడిటర్‌లో స్లైడర్ల నంబర్లు మారిస్తే ఒక్కసారితో పోతుంది. రెండోదే చేయమన్నాను, 20 నుంచి 27. పాత లెర్న్‌లన్నీ పోయాయని ఓ పూట సణిగాడు, తర్వాత మళ్ళీ నేర్పుకున్నాడు.

మొన్న వాట్సాప్‌లో ఫోటో పంపాడు. స్లైడర్ల కింద పొడుగ్గా మాస్కింగ్ టేపు అంటించి, స్కెచ్ పెన్నుతో నంబర్లు రాసుకున్నాడు. 20, 21, 22 అంటూ వరసగా. చివరి స్లైడర్ కింద మాత్రం '27 - 7 కాదు' అని, కింద రెండు గీతలు.